ఆమె మాట ఇంకా దారిలో ఉంది

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీరంతా లింకు వేగం ఎంత అని అడిగితే చాలు, వెంటనే ఫోన్ తీసి చూపిస్తారు. వేగం చూపే ముల్లు కుడివైపుకు వాలితే సంబరం, ఎడమకు వాలితే కంపెనీని తిట్టడం. తప్పేం కాదు, నేనూ తిట్టాను. ఉద్యోగమంతా డిష్‌ల కింద, మిద్దెల మీద, షేర్ ఆటోల్లో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని గడిచింది. రిటైరై జగిత్యాలలో ఇంట్లో కూర్చుంటే అందులో చాలా భాగం గుర్తు లేదు. కానీ బుగ్గారంలో ఒక మధ్యాహ్నం మాత్రం మొత్తం గుర్తుంది. ఆ రోజు ముల్లు కుడివైపే ఉంది. అయినా ఒక తల్లికి బిడ్డ కాకుండా పోయేది.

ముందు నా సంగతి కాస్త చెప్పాలి. నేను సిరిసిల్లలో సాంచాల మధ్య పుట్టినదాన్ని. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. మా నాన్న కార్ఖానాలో వాటిని నడిపేవాడు. ఆ మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు, అందుకని అక్కడి వాళ్లంతా పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. అరచేయి కిందికి పెట్టి గాలిని అడ్డంగా కోసినట్టు ఊపితే ‘ఆపు, పోగు తెగింది’ అని అర్థం. నాన్నకు సద్ది ఇవ్వడానికి పోయి పోయి, నాకు బడి అక్షరాల కంటే ముందు ఆ సైగలే వచ్చాయి.

ఉద్యోగంలో నా పని మండలాల్లో ఉన్న కంప్యూటర్ సెంటర్ల డిష్‌లు చూసుకోవడం. కేబుల్ తెగినప్పుడు ఆ సెంటర్లు ఉపగ్రహం మీద నడిచేవి. కేబుల్ ఎప్పుడూ తెగుతూనే ఉండేది. ఒకసారి రోడ్డు వెడల్పు చేసేవాళ్లు, ఇంకోసారి నీళ్ల పైపులు వేసేవాళ్లు తవ్వేవారు. ఊళ్లలో నన్ను ‘డిష్ మేడం’ అనేవాళ్లు. నేను మిద్దె ఎక్కి డిష్ సర్దుతుంటే కింది నుంచి ఎవరో ఒకరు ‘మేడం, మా టీవీ గూడ జెర సూడున్రి’ అనేవాళ్లు. చూసేదాన్ని కూడా.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో బుగ్గారం కేబుల్ తెగింది. సెల్ టవర్ కూడా ఆ కేబుల్ మీదే ఉండేది కాబట్టి, ఊరికి బయటి ప్రపంచంతో మిగిలింది మా డిష్ ఒక్కటే. అదీ కుంటుతూ నడుస్తోంది. పోయి చూస్తే కోతులు దాని చేతి మీద కూర్చుని ఊగి దిశ మార్చేశాయి. సరిచేసి చుట్టూ తుమ్మకంప కట్టించాను. ఆ తర్వాత కొత్తగా వచ్చిన ఒక పెట్టెను లింకుకు తగిలించాను. దాని గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు.

కంప్యూటర్లు సమాచారం పంపేటప్పుడు కొంత పంపి, ‘అందింది’ అనే కబురు వచ్చేదాకా ఆగుతాయి. కబురొచ్చాకే తర్వాతిది పంపుతాయి. మన ఉపగ్రహం ముప్పై ఆరువేల కిలోమీటర్ల పైన ఉంటుంది, ఆ కబురు అంత దూరం పోయి రావాలి. దాంతో పంపేదాని కంటే ఆగేదే ఎక్కువవుతుంది. మా పెట్టె చేసేదేమిటంటే, అటువైపు ఇంకా అందకముందే ఇటువైపే కూర్చుని ‘అందింది, ఇంకోటి ఇయ్యి’ అనడం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. నిజంగా అందేదాకా పూచీ మాత్రం ఆ పెట్టెదే. అబద్ధమే గానీ బాధ్యత గల అబద్ధం. అది పెట్టిన రోజు నుంచి సెంటర్‌లో పేజీలు టకటకా తెరుచుకున్నాయి.

సెంటర్ నడిపేది నా ఈడు మనిషే. వచ్చినవాడికల్లా ‘మా మేడం ఆకాశాన్ని కిందికి గుంజింది’ అని చెప్పేవాడు. ఆ పొగడ్త ఊళ్లో పెద్దమనుషుల దాకా పోయింది. దాంతో ఒక రోజు వాళ్లు పంచాయితీ పెట్టుకోవడానికి మా సెంటర్‌కే వచ్చారు.

సంగతి ఇది. ఆ ఊరి కోడలు ఒకామె, మా సిరిసిల్ల సాంచాల ఇంటి ఆడపిల్లే, మొగుడు లారీ కింద పడి పోయాక గల్ఫ్‌కు పోయింది. ఎడారిలో చమురు తవ్వే క్యాంపులో దవాఖానా ఉంది, అందులో ఆయా పని. చిన్న బిడ్డను బావ, అక్కల దగ్గర వదిలి పోయింది. బావంటే మొగుడి అన్న, అక్కంటే ఆయన భార్య. వాళ్లకు పిల్లలు లేరు. రెండేళ్లుగా ఆ పిల్లకు జ్వరమొచ్చినా, జడ వేయాలన్నా, బడికి పంపాలన్నా వాళ్లే. ఇప్పుడు దత్తత అడుగుతున్నారు. చెడ్డ మనుషులు కారు. రేపు ఈమె వచ్చి పిల్లను తీసుకుపోతే ఇల్లు బోసిపోతుందని వాళ్ల భయం.

దత్తత అంటే అక్కడ కాగితం కంటే ముందు ఒడి. తల్లి ఒప్పుకుందని పదిమందిలో తేలాక, పిల్లకు బొట్టు పెట్టి కొత్త తల్లి ఒడిలో కూర్చోబెడతారు. ఆ రోజు నుంచి పిల్ల పెద్దమ్మను అమ్మ అనాలి. కన్నతల్లిని చిన్నమ్మ అనాలి. తర్వాత ఏడ్చినా మొత్తుకున్నా ఆ పిలుపు మారదు.

తల్లి ముఖం చూడకుండా ఈ పని చేసేది లేదని పంచాయితీ నడిపే పెద్దాయన పట్టుబట్టాడట. అందుకే తెర మీద మాట్లాడించే ఏర్పాటు. ఆమె క్యాంపులో కూడా ఉపగ్రహమే, ఆ గది ఆమెకు వారానికోసారి కాసేపే ఇస్తారు. లింకు ఆగిపోకుండా చూడమని నన్ను ఒక మూల కూర్చోబెట్టారు.

గదిలో గోడకు తెర, బల్ల మీద మాట వినిపించే గుండ్రటి డబ్బా. చుట్టూ కుర్చీల్లో నలుగురైదుగురు పెద్దలు, పసుపు కుప్పల దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చేతులు పచ్చగా ఉన్నాయి. అక్క ఒక పక్కన పిల్లను పట్టుకుని కూర్చుంది. పిల్ల ఒళ్లోకి పట్టని ఈడుది, కొత్త గౌను వేసుకుంది. దుకాణం వాళ్ల చీటీ కూడా ఇంకా తీయలేదు. ఎదురుగా పళ్లెంలో కుంకుమ.

తెర మీద తల్లి కనబడింది. క్యాంపు నీలం కోటు, నెత్తి మీద చున్నీ. దండం పెట్టింది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

“బిడ్డా, నీ పిల్లను మీ బావకు దత్తత ఇచ్చుడు నీకు సమ్మతమేనా? ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు. ఎనుకనుంచి అనేదేం లేదు.”

అక్కడి ఆనవాయితీ మీకు తెలియకపోవచ్చు. పంచాయితీలో పెద్ద ప్రశ్న మూడుసార్లు అడుగుతారు. మూడుసార్లు అడిగినా కాదనకపోతే ఒప్పుకున్నట్టే. సిగ్గుపడే ఆడవాళ్ల చేత, మొహమాటపడే తమ్ముళ్ల చేత నోటితో అనిపించకుండా పని జరగడానికి ఎవరో ఎప్పుడో పెట్టుకున్న మర్యాద అది. ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు మంచి మర్యాదే.

పెద్దాయన ఒక ఊపిరి ఆగాడు. జవాబు లేదు. “ఇష్టం లేకుంటే చెప్పు బిడ్డా” అని రెండోసారి. ఇంకో ఊపిరి. “సమ్మతమే అనుకోవాల్నా మరి?” అని మూడోసారి. పక్కనున్న పెద్దలు తలలూపి, “ఏం అంటలేదు గద, అయినట్టే” అని మాటలు మొదలుపెట్టారు.

తెర మీద ఆమె పెదవులు కదులుతున్నాయి. డబ్బాలోంచి ఏమీ రాలేదు. కదిలి కదిలి ఆగి, మా మాటలు వినపడ్డట్టుంది, ముఖం మారింది. చెయ్యి ఎత్తి ఊపింది.

“సెలవు గూడ అడుగుతుంది” అన్నాడు ఒక పెద్దమనిషి.

అది సెలవు కాదు. అరచేయి కిందికి ఉంది. గాలిని అడ్డంగా కోస్తోంది. ఆపు, పోగు తెగింది. మాట వినపడని చోట మనిషి చిన్నప్పటి భాషలోకే పోతాడు. ఆ గదిలో ఆ భాష తెలిసింది నాకొక్కదానికే.

కుంకుమ పళ్లెం చేతులు మారుతోంది. నేను లేచాను. సెంటర్ ఆయన నా వైపు వంగి, “మేడం, మనకెందుకు. లింకు నడ్సింది గద” అన్నాడు. ఆయన అన్నది మా ఉద్యోగ ధర్మమే. ఏ శిక్షణలోనూ ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు. పెద్దమనుషుల పంచాయితీలో ఊరి కాని ఆడమనిషి నోరు తెరవడం మా వైపు మామూలు సంగతి కాదు.

“ఆగున్రి పెద్దయ్యా” అన్నాను. “ఆమె మాట ఇంకా దారిల ఉన్నది.”

పెద్దాయన నన్ను చూశాడు, తెరను చూశాడు. “దారిల ఉండుడేంది? మనిషి గీడనే కనబడుతుంది గద.”

“కనబడుడు గోడ మీద. మనిషి ఉన్నది ఎడారిల. మీరడిగింది ఇక్కడి నుంచి ఆకాశంలకు పోయి దిగాలె. ఆమె క్యాంపుది ఇంకో ఉపగ్రహం, దానికి మల్ల ఎక్కి దిగాలె. గప్పుడు ఆమె చెవుల పడ్తది. ఆమె చెప్పింది మల్ల గదే తొవ్వల రావాలె. మీరు ఎంబడి ఎంబడి మూడుసార్లు అడిగిన్రు.”

“అడిగితే ఏమాయె? అచ్చినప్పుడు ఇనబడాలె గద.”

“ఈ డబ్బ మనం మాట్లాడుతుంటే అవతలి మాటను మింగేస్తది, మన మాట మనకే తిరిగి మోగకుండ. ఆమె జవాబు వచ్చేటాళ్లకు మనం మల్ల అడుగుతున్నం. ఆమె ఏందో అన్నది, మన మాటల కింద పడిపోయింది. చెయ్యి ఊపింది సెలవు అడిగి కాదు పెద్దయ్యా. మా సాంచాల దగ్గర గది ఆపుమని చెప్పుడు.”

బావ కుర్చీలోంచి లేచాడు. “ఇది మా ఇంటి ముచ్చట మేడం. నువ్వు మిషిన్ సూసుకో.” ఆయన గొంతు కోపంగా ఉంది గానీ కళ్లలో ఉన్నది భయం. అది చూశాక నాకూ గట్టిగా మాట్లాడబుద్ధి కాలేదు.

“నన్ను నమ్మకున్రి” అన్నాను పెద్దాయనతో. “మీరే సూడున్రి. చెయ్యి లేపుమని ఆమెకు చెప్పి, అందరు ఊకోన్రి.”

ఆయన చెప్పాడు. గది ఊరుకుంది. ఆమె ముఖంలో కదలిక లేదు. “లేపలే గద” అని బావ అనే లోపు తెర మీద చెయ్యి లేచింది. పెద్దాయన తెర వైపు వంగాడు. “ఎడమ చెయ్యి లేపు బిడ్డా” అన్నాడు, ఈసారి ఆయనంతట ఆయనే. మళ్లీ అంత ఆలస్యం, మళ్లీ లేచింది. ఆయన కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“మూడుసార్లు అడిగిన అనుకున్న” అన్నాడు. “ఒక్కసారి గూడ అడగలే. పళ్లెం కింద పెట్టున్రి.”

నేను చేయగలిగింది చేశాను. సెంటర్‌లో మిగతా కంప్యూటర్లు ఆపించాను, అందరి ఫోన్లూ లింకు మీంచి తీయించాను, మాటకే మొదటి దారి ఇచ్చాను. పెద్దాయన అడగడం అయిపోగానే మన వైపు మైకు మూసేస్తానని, అప్పుడు డబ్బా ఆమె మాటను మింగదని చెప్పాను. అంతకంటే ఎవరూ ఏమీ చేయలేరు. పేజీలకు వేగం ఇవ్వొచ్చు. మాట మాత్రం దాని దారిన అది రావలసిందే.

“బిడ్డా, మల్ల అడుగుతున్న. ఒక్కసారే అడుగుత. నువ్వు చెప్పేదాక ఊకుంట. పిల్లను ఇస్తున్నవా?”

మైకు మూశాను. నాకు ఆ దూరం ఒంట్లో తెలుసు. ప్రశ్న పైకి పోయింది, దిగింది, మళ్లీ ఎక్కింది, ఆమె చెవిలో పడింది. జవాబు అట్లాగే తిరిగి రావలసిన వేళ అయింది. రాలేదు. డబ్బాలోంచి ఆమె గదిలో ఏసీ రొద వస్తోంది, అంటే లింకు బతికే ఉంది. బావ నా వైపు చూశాడు. ఇప్పుడేమంటావు అన్నట్టుంది ఆ చూపు. ఉపగ్రహం వంతు అయిపోయింది. మిగిలిన మౌనం ఆమెదే.

పెద్దాయన మాట తప్పలేదు. కూర్చునే ఉన్నాడు. మళ్లీ అడగలేదు.

చాలాసేపటికి డబ్బాలోంచి గొంతు వచ్చింది, సన్నగా, పక్క గదిలోంచి వచ్చినట్టు.

“పెద్దయ్యా, ఇందాక మూడుసార్లు అన్న, ఇయ్య ఇయ్య అని. గప్పుడు కోపంల అన్న. గిప్పుడు అన్నీ ఆలోచన జేసే అంటున్న. ఇయ్య.”

బావ తల దించుకున్నాడు. ఆమె ఆగలేదు.

“అక్కా, నీ బాధ నాకెరుక. నా బిడ్డకు నువ్వు జేసిన చాకిరీ ఎరుక. నేనచ్చేదాక నీ దగ్గరనే ఉండనీ, నీ పక్కలనే పండుకోనీ. పెద్దగైనంక గూడ నీ ఇంటికి రాకుంటే నన్నడుగు. గని నన్ను చిన్నమ్మను జెయ్యకు అక్కా.”

నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం చేస్తున్న చోట ఏడవకూడదని మా పాత అధికారి ఒకాయన చెప్పేవాడు, ఆయన ఎప్పుడూ మిద్దె దిగి వచ్చి మనుషుల మధ్య కూర్చోలేదు. నేను మైకు తెరిచి, గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

అక్క చాలాసేపు పిల్ల గౌను అంచు సర్దుతూ ఉండిపోయింది. తర్వాత తెరతో అంది. “అచ్చినంక తీస్కపోతవు గద. నేనెట్ల ఉండాలె?” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆగింది. జవాబు కోసం ఆగడం ఆమెకూ అప్పుడే వచ్చేసింది.

“ఊరిడిసి యాడికి పోత అక్కా? నీ ఇంటి ఎనుకనే ఉంట.”

పెద్దాయన తీర్పు పెద్దగా ఏం చెప్పలేదు. “ఒడి లేదు, బొట్టు లేదు. పిల్ల పెద్దమ్మ ఇంట్ల ఉంటది, తల్లి బిడ్డగనే ఉంటది. గంతే.” అక్క లేచి కుంకుమ పళ్లెం తనే తీసుకుపోయి కిటికీలో పెట్టింది. ఆ నాలుగడుగులు ఆమె ఎట్లా వేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గదిలో గెలిచినవాళ్లను మాత్రమే తలుచుకుంటే అన్యాయం, అందుకే ఈ మాట రాస్తున్నాను. ఒకామెకు బిడ్డ మిగిలింది. ఇంకొకామెకు ఒడి ఖాళీగానే ఉంది. రెండూ ఒక్క మాట వల్లే జరిగాయి.

అందరూ పోయాక సెంటర్ ఆయన నాకు చాయ్ ఇచ్చి, పెట్టె వైపు చూపించి అన్నాడు. “మేడం, గీ పెట్టె గూడ గిదే పని జేస్తది గద. అటు అందకముందే అందింది అని చెప్తది.”

“చేస్తది” అన్నాను. “గని అందకుంటే మల్ల పంపే పూచీ గూడ దానిదే.”

“గా పూచీ మనుషులకు లేకపాయె” అన్నాడాయన. ఎప్పుడూ వేగం గురించి గొప్పలు చెప్పే మనిషి ఆ మాట అంటాడని నేననుకోలేదు. మీకు నేర్పాలని పెట్టుకున్న పాఠం ఏదైనా ఉంటే అది ఆయన చెప్పిందే. అవతలి మనిషి తరఫున ముందే జవాబు చెప్పేయడం యంత్రానికి నేర్పాం, బాగానే ఉంది. మనం దాని దగ్గర నేర్చుకోకూడదు.

తర్వాత ఊరికి మంచి కేబుల్ వచ్చింది. డిష్ తుప్పు పట్టింది, తుమ్మకంపను ఎవరో పొయ్యిలోకి తీసుకుపోయారు. తల్లి తిరిగి వచ్చి కోరుట్లలో ఒక దవాఖానాలో పనికి కుదిరిందని, రోజూ బుగ్గారం నుంచే బస్సులో పోయి వస్తుందని విన్నాను. మాట నిలబెట్టుకుంది. బావ మాత్రం నన్ను క్షమించలేదు. కోరుట్ల బస్టాండులో ఒకసారి ఎదురుపడితే ముఖం తిప్పుకున్నాడు. నేనూ పలకరించలేదు. ఆయన కోపం ఆయనకు న్యాయమే.

ఆ మధ్యాహ్నం చివర జరిగిందొకటి ఉంది. తీర్పు అయిపోయాక గది ఖాళీ చేయడానికి కొంచెం సమయం మిగిలింది. పెద్దాయన పిల్లను తెర ముందుకు పిలిచి, “మీ అమ్మతోని మాట్లాడు బిడ్డా” అన్నాడు. అప్పటిదాకా తన గురించే ఇంత జరుగుతున్నా ఎవరూ ఆ పిల్లను ఒక్క మాట అడగలేదు. వచ్చి నిలబడింది. ఏం మాట్లాడాలో తెలియక, ఫోన్లో ఎప్పుడూ అడిగేదే అడిగింది.

“అమ్మా, బువ్వ తిన్నవా?”

ఎవరూ చెప్పకుండానే గది మొత్తం ఆగిపోయింది. కుర్చీ జరపబోయిన పెద్దమనిషి జరపలేదు. గుమ్మం దాకా పోయిన బావ అక్కడే నిలబడ్డాడు. అక్క పిల్ల భుజం మీద చెయ్యి వేసి తెర వైపు చూస్తూ ఉంది. ఆ ప్రశ్న పైకి పోతున్నంతసేపూ, దిగుతున్నంతసేపూ ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

“తిన్న బిడ్డా. నువ్వు తిన్నవా?”

“తిన్న” అంది పిల్ల.

మాటలు అయిపోయాయి, ఇక లేవొచ్చు. కానీ ఒక్కరూ లేవలేదు. పిల్ల చెప్పింది తల్లికి చేరాలి కదా.